అమ్మ మోకాలు: ఎక్స్‌రేలో గ్రేడ్ 2, ఎమ్మారైలో గ్రేడ్ 4... 16 రోజుల్లో అంత అరిగిపోద్దా?

తెనాలి_కుర్రోడు:

నమస్తే అండీ అందరికీ, ఇక్కడ మెడికల్ ఫీల్డ్ వాళ్ళు ఉంటారని రాస్తున్నా, కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. అమ్మకి 57. మూడేళ్ళుగా ఎడమ మోకాలు నొప్పి, అది కూడా మెట్లెక్కేటప్పుడూ కింద కూర్చుని లేచేటప్పుడూనే, మిగతా టైంలో మామూలే, కూరగాయల మార్కెట్‌కి నడిచే వెళ్ళొచ్చేది. కార్తీకమాసంలో మా బాబాయి వాళ్ళింట్లో సత్యనారాయణ వ్రతానికి రెండు గంటలు పీట మీద మఠం వేసుకుని కూర్చుని లేస్తుంటే మోకాలి వెనకపక్క టక్‌మని సౌండొచ్చిందంట, పక్కనున్న పిన్నికి కూడా వినపడిందంటే చూడండి. అప్పట్నుంచీ కుంటుతూనే ఉంది, రాత్రిపూట పక్క మీద అటు తిరిగినా ప్రాణం పోతోందంటది.

ముందు మా ఊళ్ళోనే ఎక్స్‌రే తీయించాం, "గ్రేడ్ 2 ఆస్టియో ఆర్థరైటిస్" అని రాశారు. వయసుకి తగ్గ అరుగుదలే, కంగారేం లేదమ్మా అని బిళ్ళలిచ్చారు. పది రోజులు వాడినా తగ్గలా. నేను పూణె నుంచి లీవ్ పెట్టి వచ్చి ఒక పెద్ద హాస్పిటల్‌కి తీసుకెళ్ళా (పేరెందుకులెండి), వాళ్ళు ఎమ్మారై రాశారు, 7 వేలయింది. అందులో మీడియల్ ఫెమోరల్ కాండైల్ (తొడ ఎముక కింది కొసలో లోపలిపక్క) దగ్గర గ్రేడ్ 4 కార్టిలేజ్ లాస్, అంటే గుజ్జు పోవడం అనీ, మెనిస్కస్‌లో (మోకాలి ఎముకల మధ్య మెత్తలాంటిదంట) గ్రేడ్ 3 టేర్, అంటే చిరుగు అనీ ఉంది. డాక్టర్ గారు ఫిల్మ్‌ని లైటు మీద పెట్టి నిమిషం కూడా చూళ్ళేదండీ. గుజ్జు మొత్తం పోయింది, ఎముకా ఎముకా రాసుకుంటున్నాయి, రెండు మోకాళ్ళూ ఒకేసారి మార్చేద్దాం, ప్యాకేజీలో కలిసొస్తది అన్నారు. కుడి మోకాలికి అసలు ఫోటోనే తీయలేదు, అది నొప్పే లేదు!

ఎక్స్‌రేకీ ఎమ్మారైకీ మధ్య 16 రోజులు. ఆ 16 రోజుల్లో గ్రేడ్ 2 కాస్తా గ్రేడ్ 4 అయిపోద్దా, లేకపోతే ఎక్స్‌రే వాళ్ళు సరిగ్గా చూళ్ళేదా, లేకపోతే ఆపరేషన్ కోసం ఎమ్మారైలో ఎక్కువ చేసి రాశారా? నాన్నేమో నువ్వులనూనె రాస్తే పోయేదానికి ఇదంతా ఏందిరా అంటాడు, చెల్లేమో ఆపరేషన్‌కి డబ్బులు నేనూ వేస్తా అంటది. మధ్యలో నాకు నిద్ర లేదు.

రేడియో_కరీంనగర్:

తమ్మీ, నేను 14 ఏండ్ల సంది ఎక్స్‌రే, ఎమ్మారై తీస్తున్న, డాక్టర్ను కాదు టెక్నీషియన్ను, ముందుగాల అది చెప్తున్న. నువ్వు ఒక్కటి చూసి చెప్పు. అమ్మకు ఆ ఎక్స్‌రే పండుకోబెట్టి తీసిన్రా, నిలబెట్టి తీసిన్రా? ఫిల్మ్ మూలకు స్టాండింగ్ అనో వెయిట్ బేరింగ్ అనో రాసి ఉంటది.

ఎందుకడుగుతున్న అంటే ఎక్స్‌రేల గుజ్జు కనబడనే కనబడదు. ఎముక తెల్లగ వస్తది, మీది ఎముకకు కింది ఎముకకు నడుమ నల్లటి సందు ఒకటి కనబడ్తది, గా సందునే మనం గుజ్జు అనుకుంటం, సందు సన్నగయితే అరిగింది అంటం. ఇగ మనిషి బల్ల మీద పండుకుంటే మోకాలు మీద బరువు ఏం పడుతది? సందు మంచిగనే కనబడ్తది. మొన్న ఒక అవ్వ వచ్చింది, వేరే కాడ పండుకోబెట్టి తీసిన ఫిల్మ్ పట్టుకొని. దాంట్ల లోపలిపక్క సందు నా చిటికెనవేలు గోరంత ఉండె. నేను ఆమెను నిలబెట్టి, రెండు కాళ్ళ మీద సమానంగ బరువెయ్యమని తీసిన. వెంట్రుకంత సందు కూడ లేదు. అదే అవ్వ, అదే మోకాలు, అదే వారం.

ఇంకో వ్యూ ఉంటది, మోకాళ్ళు 45 డిగ్రీలు వంచి నిలబడమని వెనుక నుంచి ముందుకు తీస్తరు, రోజెన్‌బర్గ్ వ్యూ అంటరు, 1988 నుంచి ఉంది. మనం నిట్టనిలువుగ నిలబడ్డప్పుడు ఆనే జాగ కంటె కొద్దిగ వంగినప్పుడు ఆనే జాగల గుజ్జు ఎక్కువ అరుగుతది, నిటారుగ తీస్తే అది తప్పించుకుంటది. మోకాలి చిప్ప కింది అరుగుదలకు స్కైలైన్ వ్యూ అని వేరే. గివి మూడు తీస్తే కూడ ఎమ్మారై కంటె చాన తక్కువ ఖర్చే, కని చానమంది రాయరు. రాసినా చాన కాడ పేషెంట్‌ను నిలబెట్టే ఓపిక మా వాళ్ళకు ఉండది, తప్పు మాదే కూడ.

అలిపిరి_నడక:

మా అమ్మకి రెండు మోకాళ్ళూ గ్రేడ్ 4 అన్నారు ఆరేళ్ళ కిందట. ఆ తర్వాత రెండుసార్లు అలిపిరి మెట్ల దారిన కొండెక్కింది, 3550 మెట్లు, మధ్యమధ్య కూర్చుంటూ. అదే మా మేనత్తకి ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు, ఆవిడ ఇంట్లో బాత్రూం దాకా నడవలేదు. ఫోటో చూసి భయపడకండి తమ్ముడూ.

గుంటూరు_మిర్చి:

మార్చుడెందుకండీ, చిన్న హోల్ పెట్టి కెమెరా పంపి లోపల క్లీన్ చేస్తారుగా, ఆర్థ్రోస్కోపీ. మా ఓనర్ గారికి చేశారు, మర్నాడే ఇంటికొచ్చాడు. మెనిస్కస్ టేర్ అంటున్నారు కాబట్టి అది అయితే చాలు.

వైజాగ్_ఎముకల_పీజీ:

ఆర్థో పీజీ చేస్తున్నాను, నైట్ డ్యూటీలో టైప్ చేస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి. ఇక్కడ రాసేది అవగాహన కోసమే, కాలు పట్టుకుని చూడకుండా ట్రీట్‌మెంట్ ఎవరూ చెప్పలేరు.

మీ అసలు ప్రశ్నకి ముందు జవాబు: 16 రోజుల్లో అరగలేదు. ఎవరూ అబద్ధం కూడా రాయలేదు. ఆ గ్రేడులు మూడూ మూడు వేరే కొలతలండీ, దురదృష్టం ఏంటంటే మూడింటికీ గ్రేడ్ అనే పేరే పెట్టారు.

ఎక్స్‌రేలో రాసింది కెల్‌గ్రెన్ లారెన్స్ గ్రేడు. 1957లో ఇంగ్లండ్‌లో ఆ ఇద్దరు డాక్టర్లూ పెట్టిన పద్ధతి, ఇప్పటికీ ప్రపంచమంతా అదే వాడుతోంది. 0 నుంచి 4 దాకా. ఎముక అంచుల్లో ముళ్ళలాగా పెరుగుతాయే ఆస్టియోఫైట్లు, అవి ఖాయంగా కనిపిస్తే 2, సందు ఖాయంగా తగ్గితే 3, సందు బాగా పోయి ఎముక గట్టిపడి ఆకారం మారితే 4. అంటే మొత్తం కీలుకి కలిపి ఇచ్చే మార్కులు, అదీ ఎముకని చూసి.

ఎమ్మారైలో కార్టిలేజ్ గ్రేడ్ 4 అన్నది అవుటర్‌బ్రిడ్జ్ అనే సర్జన్ 1961లో పెట్టిన లెక్క నుంచి వచ్చింది. ఆయన మోకాలు తెరిచి కంటితో చూసి పెట్టాడు, తర్వాత ఎమ్మారై వాళ్ళు దాన్ని తమకి తగ్గట్టు మార్చుకున్నారు. గుజ్జు మెత్తబడితే 1, సగం మందం లోపు పోతే 2, సగానికి మించి పోతే 3, అడుగున ఎముక బయటపడితే 4. కానీ అది ఆ ఒక్క చోటుకే! ఆ చోటు పావలా బిళ్ళంత ఉందా, అరచేతిలో సగం ఉందా అన్నది ఆ అంకె చెప్పదు. ఇంట్లో ఒక మూల సున్నం రాలి ఇటుక కనిపిస్తే ఆ మూలకి గ్రేడ్ 4, ఇల్లు కూలినట్టు కాదు. ఎక్స్‌రేలో గ్రేడ్ 2 ఉన్న మోకాలికి ఎమ్మారైలో ఒక చోట గ్రేడ్ 4 మచ్చ ఉండటం మేము రోజూ చూసేదే.

మెనిస్కస్ గ్రేడ్ 3 ఇంకో లెక్క. లోపల తెల్లటి గీత మెనిస్కస్ ఉపరితలం దాకా వస్తే 3, అంటే చిరిగినట్టు, 1, 2 అంటే లోపల్లోపల నలిగిందని మాత్రమే. బస్సు నంబరు, ఇంటి నంబరు, పిన్‌కోడూ కలిపి చదివితే ఎలా ఉంటదో మీ పరిస్థితి అలా ఉంది.

ఇక "గుజ్జు పోతే నొప్పి" అన్నది కూడా అంత సూటి లెక్క కాదు. కార్టిలేజ్‌లో రక్తనాళాలూ లేవు, నరాలూ లేవు, దానికి నొప్పి తెలీదు. నొప్పి వచ్చేది కింద ఎముకలోని మజ్జ వాయడం వల్లో, కీలు పొర వాచి నీరు పట్టడం వల్లో. అందుకే అలిపిరి గారి అమ్మగారు కొండెక్కారు. అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ అనే ఊళ్ళో ఎక్స్‌రే బాగానే ఉన్న, 50 దాటిన 710 మందికి ఎమ్మారై తీస్తే 89 శాతం మందికి ఏదో ఒక తేడా కనిపించింది, 2012లో వచ్చింది ఆ పేపర్. నొప్పి లేని మోకాళ్ళలో కూడా 86 నుంచి 88 శాతం. అంటే ఆ వయసులో ఎవరిని ఎమ్మారైలోకి పంపినా ఉత్తచేతుల్తో రారు.

గుంటూరు గారూ, అరుగుదల ఉన్న మోకాలికి కెమెరా పెట్టి కడిగే ఆపరేషన్ మీద హ్యూస్టన్‌లో 180 మందితో ట్రయల్ చేశారు, 2002లో వచ్చింది. కొందరికి నిజంగా చేశారు, కొందరికి ఉత్త గాటు పెట్టి కుట్టేశారు, పేషెంట్‌కి ఏది చేశారో చెప్పలేదు. రెండేళ్ళ తర్వాత ఇద్దరి నొప్పీ ఒకటే. మీ ఓనర్ గారి కేసు వేరే అయ్యుండొచ్చు, కానీ అరుగుదలకి అది మందు కాదు.

ఇదంతా ఒకెత్తు. తెనాలి గారూ, మీ పోస్టులో నన్ను ఆపింది గ్రేడు కాదు, ఆ టక్ అన్న సౌండ్. మూడేళ్ళ నొప్పి వేరు, వ్రతం రోజు నుంచి వచ్చిన నొప్పి వేరు. ఎమ్మారై రిపోర్ట్ మొత్తం, కింద ఇంప్రెషన్ అని రాసే సారాంశం ఒక్కటే కాదు, పైన పేరాలు కూడా ఉన్నదున్నట్టు ఇక్కడ టైప్ చేయండి. పేరు, ఐడీ నంబర్లు తీసేసి.

తెనాలి_కుర్రోడు:

థాంక్యూ డాక్టర్ గారూ, కరీంనగర్ అన్నా థాంక్యూ. ఎక్స్‌రే పండుకోబెట్టే తీశారంట, అమ్మని అడిగా. ఫిల్మ్ మీద ఎడమ అనే గుర్తు తప్ప ఏం లేదు.

రిపోర్ట్ ఇది, నాకర్థమైనంతలో తెలుగులో కొడుతున్నా: మీడియల్ మెనిస్కస్ పోస్టీరియర్ హార్న్‌లో గ్రేడ్ 3 సిగ్నల్, రూట్ అటాచ్‌మెంట్ దగ్గర రేడియల్ టేర్, మెనిస్కస్ 4 మిల్లీమీటర్లు ఎక్స్‌ట్రూజన్. మీడియల్ ఫెమోరల్ కాండైల్ బరువు మోసే చోట 9 బై 7 మిల్లీమీటర్ల ఫుల్ థిక్‌నెస్ కార్టిలేజ్ లాస్, చుట్టూ గ్రేడ్ 2, 3 థిన్నింగ్. దాని కింద సబ్‌కాండ్రల్ మ్యారో ఎడీమా (ఎముక మజ్జలో వాపు). లాటరల్ వైపు, చిప్ప కింద మైల్డ్. మోడరేట్ ఎఫ్యూజన్ (కీల్లో నీరు). చిన్న బేకర్స్ సిస్ట్ (మోకాలి వెనక నీటి తిత్తి). ఏసీఎల్, పీసీఎల్ (మోకాలి లోపలి లిగమెంట్లు) ఇంటాక్ట్. ఈ రూట్ అన్న ముక్క కింద ఇంప్రెషన్‌లో లేదు, పైన పేరాలో ఉంది, అందుకే ముందు రాయలేదు, సారీ.

ఆ ఎమ్మారై రోజు ఇంకో భాగోతం. లోపలికెళ్ళే ముందు ఒంటి మీద లోహం ఏదీ ఉండకూడదన్నారు, పుస్తెలతాడు తీయడానికే అమ్మ అరగంట ఏడ్చింది, చివరికి పసుపుతాడు కట్టుకుని గొలుసు నా చేతికిచ్చింది. మెట్టెలు రాలేదు, 35 ఏళ్ళవంట, వేలు ఉబ్బి బిగుసుకుపోయాయి. సబ్బు రాసినా రాలేదు, ఆయా దారం చుట్టి చూసింది, లాభం లేదు. చివరికి పక్క సందులో బంగారప్పనాయన్ని తీసుకొచ్చి కట్ చేయించాం. లోపల 25 నిమిషాలు డబడబా సౌండ్, బయటికొచ్చి "బోరుబావి మిషన్ కింద పండుకున్నట్టుందిరా" అంది.

వైజాగ్_ఎముకల_పీజీ:

అదీ సంగతి. మెనిస్కస్ రూట్ టేర్.

బిందెల కింద చుట్టకుదురు ఉంటది కదా, ఎండుగడ్డితో చుట్టింది. గుండ్రటి బిందె బల్లపరుపు నేల మీద నిలబడాలంటే ఆ కుదురే ఆధారం, బరువు చుట్టూ పంచుతుంది. మోకాల్లో తొడ ఎముక కింది భాగం బిందె, కాలి ఎముక పైభాగం నేల, మెనిస్కస్ కుదురు. కాకపోతే ఈ కుదురు పూర్తి చుట్టు కాదు, అర్ధచంద్రంలా ఉండి రెండు కొసలూ ఎముకకి కట్టేసి ఉంటాయి, ఆ ముడులనే రూట్ అంటాం. మధ్యలో ఎక్కడో కాస్త పీచు లేచినా కుదురు పని చేస్తుంది. ముడి ఊడిందా, బరువు పడగానే కుదురు బయటికి జారిపోతుంది. మీ రిపోర్ట్‌లో 4 మిల్లీమీటర్ల ఎక్స్‌ట్రూజన్ అన్నది అదే, 3 దాటితే మేము పట్టించుకుంటాం. అప్పుడు మెనిస్కస్ ఉన్నా లేనట్టే లెక్క, బరువంతా పోయి గుజ్జు మీద ఒకే చోట పడుతుంది, కింద ఎముకలో మజ్జ వాస్తుంది, రాత్రి నొప్పి దాని వల్లే అయ్యుంటుంది.

ఇది ఎక్కువగా మధ్యవయసు ఆడవాళ్ళలో, కింద కూర్చుని లేస్తున్నప్పుడో మెట్టు దిగుతున్నప్పుడో అవుతుంది, మోకాలి వెనక టక్‌మంటుంది. మన దేశంలో, కొరియా, జపాన్‌లలో కింద కూర్చునే అలవాటు ఉన్నచోట మరీ. ఎక్స్‌రేలో ఇది కనిపించే ప్రసక్తే లేదు. కాబట్టి పైన నేను ఎమ్మారై గురించి తక్కువ చేసి మాట్లాడినట్టున్నా గానీ, మీ అమ్మగారి విషయంలో ఆ 7 వేలు వృథా కాలేదు. ఏళ్ళ తరబడి అరుగుతున్న మోకాలికి ఎమ్మారై చాలాసార్లు కొత్తగా చెప్పేదేం ఉండదు. ఉన్నట్టుండి నొప్పి మారితే, మోకాలు మధ్యలో ఇరుక్కుపోతే మాత్రం తీయాల్సిందే.

ఇంకోటి గమనించండి, ఎముక బయటపడ్డ చోటు 9 బై 7 మిల్లీమీటర్లు. అంటే చొక్కా గుండీ అంత. "గుజ్జు మొత్తం పోయింది" అన్నారు మీకు!

ఇప్పుడేం చేయాలన్నది సర్జన్‌తో మాట్లాడాలి. గుజ్జు బాగుండి కాలు తిన్నగా ఉంటే రూట్‌ని మళ్ళీ ఎముకకి కుట్టే ఆపరేషన్ ఉంది, కానీ గ్రేడ్ 4 మచ్చ ఉన్నాక, వయసు, బరువు, కాలు దొడ్డికాలుగా వంగిందా లేదా చూసి, చాలామందికి దాన్ని చేయరు. కాలు అలా దొడ్డికాలుగా వంగి ఉంటే ఎముకని కోసి తిన్నగా చేసే హెచ్‌టీఓ అనే ఆప్షన్ ఉంటుంది. మార్పిడి చివర్న. ఏది చెప్పాలన్నా ముందు నిలబెట్టి తీసిన ఎక్స్‌రే కావాలి, దాంతోపాటు తుంటి నుంచి మడమ దాకా ఒకే ఫిల్మ్‌లో తీసే పొడవాటి ఎక్స్‌రే. కరీంనగర్ అన్న చెప్పింది వంద శాతం కరెక్ట్. రెండో ఒపీనియన్‌కి వెళ్ళేటప్పుడు రిపోర్ట్ కాగితం కాదు, సీడీ తీసుకెళ్ళండి. ఫిల్మ్ మీద వేసేవి ఎంచిన కొన్ని బొమ్మలే, సీడీలో వందకి పైగా ఉంటాయి. రూట్ లాంటిది ఒకటి రెండు బొమ్మల్లో కనిపించి పోతుంది.

రేడియో_కరీంనగర్:

సారు చెప్పింది నిజం. రూట్ చూస్తందుకు కరోనల్ ల (ముందటి నుంచి చూసినట్టు పొరలు పొరలుగ తీసే బొమ్మలు) వెనుకపక్క స్లైసులు చూడాలె తమ్మీ, కొవ్వు సిగ్నల్ తీసేసిన సీరీస్ ల. దాంట్ల ఎముక నల్లగ, నీళ్ళు తెల్లగ మెరుస్తయి. మజ్జ వాపు ఎముక లోపల మబ్బు పట్టినట్టు కనబడ్తది, అమ్మ ఫిల్మ్ ల నువ్వు కూడ గుర్తు పడ్తవ్.

మెట్టెల ముచ్చట చదివి నవ్వొచ్చింది, మా దగ్గర డ్రాయర్ ల కటింగ్ ప్లేయర్ ఒకటి అందుకోసమే పెట్టిన.

ఫ్రిస్కో_అక్క:

టెక్సాస్ నుంచి. నేను డాక్టర్ని కాను, ఎమ్మారై బొమ్మల్లోంచి కార్టిలేజ్ మందం కొలిచే సాఫ్ట్‌వేర్ మీద పని చేస్తాను, కాబట్టి ఒక మాట. ఈ మధ్య మన దగ్గర కూడా కొన్ని స్కాన్ సెంటర్లు ఏఐ రిపోర్ట్ అని రంగురంగుల మోకాలి బొమ్మ వేసి ఇంత శాతం గుజ్జు మిగిలింది అని ఇస్తున్నాయని మా పిన్ని పంపించింది వాట్సాప్‌లో. ఆరు నెలల తర్వాత మళ్ళీ తీయించుకుని ఎంత పెరిగిందో చూసుకోమన్నారట. దయచేసి ఆ వలలో పడకండి.

మేము ఈ పనంతా నేర్చుకున్నది ఆస్టియో ఆర్థరైటిస్ ఇనీషియేటివ్ అని ఇక్కడ 2004లో మొదలుపెట్టిన పెద్ద స్టడీ డేటా మీద. 45 నుంచి 79 ఏళ్ళ మధ్య వాళ్ళు 4,796 మంది, మొదటి నాలుగేళ్ళు ఏటా 3 టెస్లా (అయస్కాంతం బలం ఎక్కువున్న) మిషన్‌లో మోకాళ్ళ ఎమ్మారై. అక్కడ స్లైసు మందం 0.7 మిల్లీమీటర్లు, మిషన్లన్నీ ఒకే తీరు, క్రమం తప్పకుండా టెస్ట్ చేస్తూ. అంత జాగ్రత్తగా తీస్తేనే ఏడాదిలో గుజ్జు మందంలో వచ్చే మార్పు కొలతలో వచ్చే పొరపాటుతో సమానంగా ఊగుతుంటుంది, వందల మంది సగటు మీద తేలుతుంది గానీ ఒక మనిషికి చెప్పడం కష్టం. మామూలు సెంటర్‌లో 3, 4 మిల్లీమీటర్ల స్లైసుల్తో, ఈసారి ఒక మిషన్, వచ్చేసారి ఇంకో మిషన్, కాలు పెట్టిన కోణం వేరే... "2 శాతం పెరిగింది" అంటే అది కాలు కాస్త తిరిగిందనే ఎక్కువ అర్థం.

గుజ్జు పలచబడక ముందే దాని లోపలి నీటి తీరు మారుతుంది, దాన్ని చూసే టీ2 మ్యాపింగ్, టీ1 రో అనే పద్ధతులున్నాయి, అందమైన విషయం అది, నాకు గంటలు మాట్లాడాలనిపిస్తుంది. కానీ అది పరిశోధన. ఆంటీకి ఇప్పుడు దాంతో పని లేదు. మన ఊళ్ళో దానికి డబ్బులు తీసుకుంటుంటే ఇవ్వకండి.

మర్రిగూడ_బిడ్డ:

మధ్యల అడుగుతున్న, ఏమనుకోకుండ్రి. మాది నల్గొండ జిల్లా, మా నాయిన మోకాళ్ళు, నడుము రెండూ పట్టేసినయ్. ఎక్స్‌రేల గుజ్జు బానే ఉంది అన్నరు కని కాలు ముడవరాదు. ఇది ఫ్లోరైడా అరుగుదలా అని ఫోటోల తెలుస్తదా?

రేడియో_కరీంనగర్:

తెలుస్తది అన్నా, నేను రెండేండ్లు నల్గొండల పనిచేసిన. ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ నీళ్ళతోని వచ్చే జబ్బు) ల ఎముక మామూలు కంటె తెల్లగ, సుద్ద తీర్గ వస్తది. వెన్నుపూస, కటి ఎముకల ఎక్కువ. అరుగుదలల సందు పోతది, ఫ్లోరైడ్ ల ఎముకను పట్టుకొని ఉండే పొరలు, లిగమెంట్లు గట్టిపడి ఎముకయితయి, అందుకే ముడవరాదు. మోకాలు ఒక్కటి తీస్తే పట్టుబడది, ముంజేయి ఎక్స్‌రే తీపియ్యి. రెండు ముంజేతి ఎముకల నడుమ పొర ఉంటది, గది గట్టిపడి ముండ్ల లెక్క కనబడితే ఫ్లోరోసిస్ అని డాక్టర్లు గట్టిగ చెప్తరు. ఏం నీళ్ళు తాగిన్రో, ఎన్నేండ్లు తాగిన్రో అది కూడ చెప్పుండ్రి డాక్టర్‌కు.

భీమిలి_ఫిజియో:

ఎవరూ బరువు మాట ఎత్తలేదేటి? ఆంటీ బరువెంతో రాయలేదు గానీ, ఒక కేజీ తగ్గితే నడిచేటప్పుడు ప్రతి అడుగుకీ మోకాలి మీద నాలుగు కేజీల భారం తగ్గుతాది, అమెరికాలో కొలిచి చెప్పిన లెక్క ఇది. చేతికర్ర పెట్టుకోమనండి, అది కూడా ఎడమ మోకాలు నొప్పి కాబట్టి కుడిచేత్తో. చాలామంది నొప్పి ఉన్న వైపే పట్టుకుంటారు, దానివల్ల లాభం తక్కువ. తొడ ముందు కండ బలపడే వ్యాయామాలు మొదలెట్టాలి, కానీ రూట్ టేర్ అంటున్నారు కాబట్టి బస్కీల్లాంటివి, గొంతుక్కూర్చునేవి వద్దే వద్దు. యూట్యూబ్ చూసి చెయ్యకండి, ఒకసారి ఫిజియో దగ్గరకెళ్ళి కాలు చూపించి నేర్చుకోండి. ఇండియన్ టాయిలెట్ ఉంటే పైన పెట్టుకునే స్టూల్ కమోడ్ దొరుకుతాది.

మెడికల్_షాపు_శీను:

ప్యాకేజీ అన్నారు కదా, ఒకవేళ ఎప్పుడైనా మార్పిడి దాకా వెళ్తే బిల్లులో ఇంప్లాంట్ (లోపల పెట్టే కృత్రిమ కీలు) ధర విడిగా వేయమనండి. 2017 ఆగస్టులో కేంద్రం మోకాలి ఇంప్లాంట్లకి సీలింగ్, అంటే ఇంతకి మించి అమ్మకూడదనే ధర పెట్టింది, ఎక్కువగా వాడే కోబాల్ట్ క్రోమియం రకానికి అప్పట్లో 54,720 రూపాయలు, జీఎస్టీ వేరే. తర్వాత ధరలు కొంచెం అటూ ఇటూ అయ్యాయి గానీ సీలింగ్ పద్ధతి అదే. ఇంప్లాంట్ చవకైతే మిగతా ప్యాకేజీ ఎందుకంత అన్నది వాళ్ళనే అడగాలి.

తెనాలి_కుర్రోడు:

అప్‌డేట్ ఇస్తున్నా, లేటయింది. అందరికీ చాలా థాంక్స్ అండీ, రాత్రిళ్ళు ఈ థ్రెడ్ అమ్మకి చదివి వినిపించా, కుదురు ముక్క దగ్గర ఆపి "మా అమ్మ గడ్డితో ఎంత బాగా చుట్టేదో" అని అరగంట వేరే కథలోకి వెళ్ళిపోయింది.

విజయవాడలో వేరే సర్జన్‌కి చూపించాం. ఎమ్మారై సీడీ ఇచ్చాం, ఆయన కంప్యూటర్లో పెట్టి మౌస్ తిప్పుతూ పది నిమిషాలు చూశాడు. ఒక చోట ఆపి, ఇదిగో ఇక్కడ ముడి ఊడింది అని చూపించాడు, నల్లటి తాడు మధ్యలో తెల్లటి గీత, కరీంనగర్ అన్న చెప్పిన మబ్బు కూడా కనిపించింది, నిజంగానే గుర్తుపట్టా. నిలబెట్టి రెండు మోకాళ్ళకీ ఎక్స్‌రే తీయించాడు, పొడుగు ఫిల్మ్ కూడా. ఎడమ మోకాలు లోపలిపక్క సందు తగ్గింది, ఇప్పుడది గ్రేడ్ 3 అన్నాడు. పండుకోబెట్టి తీసిన 2, నిలబెడితే 3. కుడి మోకాలు గ్రేడ్ 1, దాన్ని ముట్టుకునే పనే లేదన్నాడు. రెండూ మార్చేద్దాం అన్నాయన గుర్తొచ్చి నాకైతే ఒళ్ళు మండింది.

రూట్ కుట్టినా ఆ మచ్చ ఉన్నచోట నిలబడకపోవచ్చు, మార్పిడికి ఇంకా టైం ఉంది అన్నాడు. కాలు వంపు కొంచెమేనంట, హెచ్‌టీఓ మాట ఇప్పుడే వద్దన్నాడు. ముందు ఆరు వారాలు ఆ కాలి మీద బరువు తగ్గించి కర్రతో నడవాలి, ఫిజియో, బరువు తగ్గడం, మూడు నెలల తర్వాత మళ్ళీ నిలబెట్టి ఎక్స్‌రే. ఎమ్మారై మళ్ళీ అక్కర్లేదు, నొప్పి కొత్తగా మారితే తప్ప. అమ్మ బరువు 76, మూడు వారాల్లో 74 అయింది. రాత్రి నొప్పి కాస్త నయం, పగలు అలాగే ఉంది. కర్ర కుడిచేత్తో పట్టుకోమంటే నాన్న ఒప్పుకోడు, నొప్పి ఎడమవైపుంటే కుడిచేత్తో ఏందంటాడు, భీమిలి గారి మెసేజ్ చూపించాక నోరు మూశాడు.

పూజకి కుర్చీ వేశాం. దేవుడి ముందు కుర్చీలో కూర్చోవడం ఏంటని రెండు రోజులు సణిగింది, ఇప్పుడు అలవాటయింది. మెట్టెలు మాత్రం ముక్కలు నా పర్సులోనే ఉన్నాయి, కొత్తవి ఈసారి తీసి పెట్టుకునే రకం చేయించమంటోంది, మూడు నెలల తర్వాత మళ్ళీ ఎక్స్‌రే అన్నారుగా అని. ఎక్స్‌రేకి మెట్టెలు తీయక్కర్లేదమ్మా అంటే నమ్మట్లా.

రేడియో_కరీంనగర్:

మోకాలు ఎక్స్‌రేకు మెట్టెలు ఉండొచ్చు తమ్మీ. పొడుగు ఫిల్మ్ ఐతే పాదం దాకా వస్తది, కనబడ్తయి, కని ఏం కాదు. అమ్మకు చెప్పు, నేను చెప్పిన అని.